లైప్‌జిగ్ తోటలో నేర్చిన మాట

షోలాపురంలో రైలెక్కేనాటికి మాకు వచ్చిన జర్మను మాటలు సరిగా మూడు. ఉదయపు పలకరింపుకు ‘గూటెన్ మోర్గెన్’, దయచేసి అనడానికి ‘బిట్టె’, మేలు చేసినవారికి ‘డాంకె’. ఈ మూడూ చాలునని మా అమ్మాయి ఫోనులో ధైర్యం చెప్పింది. తిరిగి వచ్చేనాటికి నాలుగో మాట ఒకటి మూట గట్టుకొని వచ్చాము. ఆ మాట ‘లౌబె’. తోటలో కట్టుకునే చిన్న ఇంటికి అది పేరు. ఈ ఒక్క మాట నేర్చుకోవడానికి మాకు రెండు నెలలు పట్టింది. అదెలా జరిగిందో పాఠకులకు చెప్పుకోవాలని ఈ నాలుగు ముక్కలు వ్రాస్తున్నాము.

మేము అంటే భార్యాభర్తలము. ఒకరు నలభై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవారు. మరొకరు ఆ నలభై ఏళ్ళూ ఇల్లు నడిపి ఇప్పటికీ విశ్రాంతి దొరకనివారు. మా తాతలు తెలంగాణంలో మగ్గం గుంటలు విడిచి, షోలాపురం మిల్లులలో కూలి దొరుకుతుందని విని వచ్చినవారు. వారు వచ్చేటప్పుడు మగ్గం విద్య వెంట వచ్చింది, భాష వెంట వచ్చింది. భూమి మాత్రం రాలేదు. ఈ సంగతి ఎందుకు చెప్పవలసి వచ్చిందో ముందు తెలుస్తుంది.

ముంబయి నుంచి ఫ్రాంక్‌ఫర్టుకు విమానంలోనూ, అక్కడినుంచి లైప్‌జిగ్‌కు రైలులోనూ ప్రయాణం చేశాము. ఫ్రాంక్‌ఫర్టుకు వచ్చి మమ్మల్ని కలుసుకున్న అల్లుడు పక్కనే ఉన్నాడు. ఊరు దగ్గరపడుతుండగా కిటికీలోంచి చూస్తే, రైలు కట్ట పక్కన చిన్న చిన్న కొంపలు వరుసగా కనిపించాయి. ఒక్కొక్కటి మన పశువుల కొట్టమంత ఉన్నది. కొన్నింటికి చెక్క గోడలు, కొన్నింటికి తారు పూసిన కప్పు. మధ్యమధ్య కంచెలు.

“పాపం! ఎంత సంపన్న దేశమైనా రైలు కట్ట పక్కన బీదవారి గుడిసెలు తప్పవు కాబోలు” అన్నాము.

అల్లుడు నవ్వు ఆపుకున్నాడు. “మామయ్యా, అందులో ఒక స్థలం కోసం మేము మూడేళ్ళుగా వరుసలో నిలుచున్నాము” అన్నాడు.

అవి బీదవారి గుడిసెలు కావట. పట్టణంలో మేడల మీద అద్దెకుండేవారు తీరిక వేళ వచ్చి కూరగాయలు, పూలు పెంచుకునే తోటలట. ఒక్కొక్క తోటలో ఒక చిన్న ఇల్లు. దాని పేరు లౌబె. లైప్‌జిగ్‌లో ఇటువంటి తోటల సంఘాలు రెండు వందలకు పైబడి ఉన్నాయి. మా అమ్మాయి కుటుంబం వంతు ఆ వసంతంలోనే వచ్చింది. ఇన్నాళ్ళూ ఆ తోట చూచుకున్న ఒక పెద్దావిడ మోకాళ్ళ నొప్పుల వల్ల దానిని వదులుకుంటున్నది.

మరునాడే మా మనవరాలు మాకు పాఠం మొదలుపెట్టింది. దానికి ఎనిమిదేళ్ళు. “అమ్మమ్మా, ఊరికే లౌబె అనకూడదు. డీ లౌబె అనాలి” అన్నది. జర్మనులో ప్రతి నామవాచకానికీ ముందు ‘డెర్’ అనో ‘డీ’ అనో ‘దాస్’ అనో చిన్న తోక ఉంటుంది. డెర్ పుంలింగం, డీ స్త్రీలింగం, దాస్ నపుంసకం. ఏది ఏ లింగమో ఊహతో తెలియదు. మనం సూర్యుణ్ణి పురుషుడంటే వారికి స్త్రీ, చంద్రుడు పురుషుడు, చిన్నపిల్లను తెలిపే మాట నపుంసకం! తోట పురుషుడు, ఇల్లు నపుంసకం, లౌబె మాత్రం స్త్రీ.

మాలో పంతులుగారికి ఒక చోట మాత్రం ప్రాణం లేచి వచ్చింది. తోట అనే ‘గార్టెన్’ను లౌబెతో కలిపితే ‘గార్టెన్‌లౌబె’ అవుతుంది. ఆ సమాసానికి లింగం చివరి మాటను బట్టి వస్తుంది. మన తత్పురుష సమాసంలో ఉత్తర పదానికి ప్రాధాన్యం ఉన్నట్లే! ఇంత దూరం వచ్చి పాత నేస్తాన్ని చూచినట్లయింది. మనవరాలికి తత్పురుష అంటే ఏమిటో చెప్పబోతే అది అప్పటికే సైకిలెక్కి వెళ్ళిపోయింది.

మాట పుట్టుక కూడా వింతగానే ఉన్నది. ప్రాచీన జర్మనులో ‘లౌబా’ అంటే ఎండవానలకు అడ్డంగా వేసిన కప్పు. ఆకుల గుబురును తెలిపే ‘లౌబ్’ అనే మాట దానికి చేరువలోనే ఉన్నది. ఆ పాత మాటే ఫ్రెంచి, లాటిను దారులు నడిచి ఇంగ్లీషులో లాడ్జి అయింది, లాబీ కూడా అయింది. షోలాపురం స్టేషను ఎదుట బోర్డులు వేలాడే లాడ్జీలకూ, ఈ తోటలోని చెక్క ఇంటికీ చుట్టరికమంటే మొదట మాకు నమ్మబుద్ధి కాలేదు.

మే నెల మధ్యలో తోటకు వెళ్ళాము. తోట అప్పగింత శరత్కాలంలో జరగవలసి ఉన్నా, అప్పటి నుంచే మడులు చేసుకోమని పెద్దావిడ దయతో చెప్పింది. ఎనభై అయిదు దాటిన మనిషి. చేతికర్ర ఆనించి, మమ్మల్ని లౌబె ముందు బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఫ్లాస్కులోని కాఫీ పోసి, రేవల్చీని కాడలతో చేసిన పుల్లని కేకు పెట్టింది. మా మాటలు ఆమెకూ ఆమె మాటలు మాకూ మనవరాలే మోసుకొచ్చింది.

లౌబె లోపల ఒక్కటే గది. ఒక మంచం, ఒక పొయ్యి, గోడకు గడ్డపారలు, గంపలు. మేము చూచి “చిన్నదే అయినా అందంగా ఉన్నది” అన్నాము. ఆమె తల ఊపి, “ఇందులో మేము అయిదుగురం మూడు చలికాలాలు బ్రతికాము” అన్నది.

1943 డిసెంబరు 4 తెల్లవారుజామున లైప్‌జిగ్ మీద బాంబులు పడ్డాయి. నడిబొడ్డు చాలా భాగం కాలిపోయింది. ఆమె అప్పుడు నాలుగేళ్ళ పిల్ల. ఇల్లు పోయి తల్లి, అమ్మమ్మ, ముగ్గురు పిల్లలు ఈ తోటకు వచ్చి చేరారు. గోడలకు పాత వార్తాపత్రికలు అతికించి గాలి ఆపారట. యుద్ధానంతరం జర్మనీలో అనేక పట్టణాలలో ఇల్లు పోయినవారు ఇలాగే లౌబెలలో తలదాచుకున్నారు. రైలులోంచి చూచి మేము అన్న మాట గుర్తుకు వచ్చి తలవంచుకున్నాము. మేము గుడిసెలన్నది తప్పే. కాని ఒకప్పుడు అవి గుడిసెలే.

ఆమె గూటిలోంచి అట్టలు ఊడిన లావుపాటి సంపుటమొకటి తీయించింది. ఆమె అమ్మమ్మ దాచుకున్న పత్రికల బైండు. దాని పేరే ‘డీ గార్టెన్‌లౌబె’. ఎర్న్‌స్ట్ కైల్ అనే ప్రచురణకర్త ఈ లైప్‌జిగ్ నుంచే 1853లో మొదలుపెట్టిన సచిత్ర కుటుంబ వారపత్రిక అది. మొదట అయిదు వేల ప్రతులతో బయలుదేరి, 1875 నాటికి 3,82,000 ప్రతులకు పెరిగింది. కథలు, దేశాల విశేషాలు, విజ్ఞానం, వైద్యం అన్నీ అందులో ఉండేవి. మార్లిట్ అనే రచయిత్రి ధారావాహిక నవలల కోసం ఇళ్ళలో ఎదురు చూచేవారట. పత్రిక తల మీద బొమ్మ చూడండి: ఆకుల గుబురు కింద బల్ల చుట్టూ ఒక కుటుంబం కూర్చొని ఉన్నది, పెద్దాయన చదువుతుంటే తక్కినవారు వింటున్నారు. 1944 దాకా ఆ పేరుతో ఏదో ఒక రూపాన పత్రిక బ్రతికింది. కుటుంబ పత్రికకు లౌబె అని పేరు పెట్టడంలోని ఔచిత్యం ఆ బొమ్మ చూడగానే తెలిసింది. మన మాసపత్రిక వచ్చిన రోజున మన ఇళ్ళలోనూ ఆ బొమ్మ వంటిదే కనిపించేది గదా!

ఈ తోటల చరిత్ర చూపడానికి అదే ఊళ్ళో ఒక మ్యూజియం ఉన్నది. 1896 నాటి సంఘ భవనంలో 1996లో దానిని తెరిచారు. ఒక ఆదివారం అందరం వెళ్ళాము. అక్కడ తెలుసుకున్నది మాలో పంతులుగారికి మహా ఇష్టమైనది, ఏలనంటే ఆ కథ బడి నుంచి మొదలైంది.

ష్రేబర్ అనే వైద్యుడు పట్టణపు పిల్లలకు ఆటలు, వ్యాయామం ఉండాలని బోధించి 1861లో కన్నుమూశాడు. హౌషిల్డ్ అనే బడి పెద్ద 1864లో తల్లిదండ్రులను కూడగట్టి, ఆయన పేరు మీద ఒక సంఘం స్థాపించాడు. 1865లో పిల్లలకు ఆటస్థలం తెరిచారు. కొన్నేళ్ళకు గెజెల్ అనే మరో ఉపాధ్యాయుడు, ఆటస్థలం అంచున పిల్లల చేత చిన్న చిన్న మడులు చేయించాడు. పిల్లలు కొన్నాళ్ళు నీళ్ళు పోసి మానుకున్నారు. మడులు కలుపుతో నిండిపోతే తల్లులూ తండ్రులూ వంగి పీకవలసి వచ్చింది. వంగినవారు మళ్ళీ లేవలేదు! మడులు పెరిగి తోటలయ్యాయి, తోటలకు కంచెలు వచ్చాయి, కంచెల లోపల లౌబెలు వెలిశాయి. ష్రేబర్ వైద్యుడు ఒక్క మడి కూడా వేయించకపోయినా, ఇప్పటికీ ఈ తోటలను ఆయన పేరుతోనే ‘ష్రేబర్‌గార్టెన్’ అంటారు.

పిల్లల ఆటగా పుట్టినది త్వరలోనే అన్నం మాట అయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో 1916–17 చలికాలాన బంగాళాదుంప పంట పోయి, జర్మనులు పశువులకు వేసే దుంపలు తిని ప్రాణాలు నిలుపుకున్నారు. అప్పుడు పట్టణవాసికి నాలుగు మడుల విలువ తెలిసింది. 1919లో ఈ తోటల కౌలును ఇష్టం వచ్చినట్లు పెంచకుండా, కౌలుదారును ఊరికే వెళ్ళగొట్టకుండా చట్టం చేశారు. అదే ఊళ్ళో 1884లో వెలసిన నూలు మిల్లు ఒకటి కూడా తన కూలీలకు ఇటువంటి తోటలు ఏర్పరచింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో యూరపు ఖండంలోకెల్లా పెద్ద నూలు మిల్లు అదేనట. ఇప్పుడు మగ్గాలూ లేవు, కదుళ్ళూ లేవు. చిత్రకారులు అక్కడ గదులు తీసుకొని బొమ్మలు వేసుకుంటున్నారు. ఆ ఎర్ర ఇటుకల గోడల ముందు నిలబడి మేము చాలాసేపు మాట్లాడలేదు. షోలాపురంలో మా తాతలు పని చేసిన మిల్లుకూ అవే ఎర్ర గోడలు, అదే పొడవాటి పొగగొట్టం. పాళీ అయిపోయి బయటికి వస్తే తాతలకు చాళ్ళలో ఒక గది ఉండేది. మడి లేదు, లౌబె లేదు.

ఇప్పటి జర్మను చట్టం 1983 నాటిది. తోట 400 చదరపు మీటర్లు, అంటే సుమారు 478 చదరపు గజాలు మించకూడదు. లౌబె, దాని ముందు కప్పు వేసిన వసారాతో కలిపి, 24 చదరపు మీటర్లు మించకూడదు. కట్టడం సాదాగా ఉండాలి. అందులో స్థిరంగా కాపురం ఉండేందుకు వీలు కల్పించకూడదు. మూడు చలికాలాలు అందులో గడిపిన పెద్దావిడకు ఈ చివరి నిబంధన చెప్పినప్పుడల్లా నవ్వు వస్తుందట. “చట్టం మంచిదే. లౌబెలో కాపురం ఉండవలసిన రోజు ఎవరికీ రాకూడదు” అన్నది.

ఆవిడే ఇంకొక సంగతి చెప్పింది. యాంటెనా తిప్పుకొని పశ్చిమ జర్మనీ టెలివిజను చూచే రోజులలో ఆమెకు హాన్స్ రోజెన్‌టాల్ అనే నవ్వుల మనిషి అంటే ఎంతో ఇష్టం. 1971 నుంచి 1986 దాకా ఆయన నడిపిన ‘డల్లి డల్లి’ అనే పోటీ కార్యక్రమం జర్మనీలో తెలియనివారు లేరు. ఆయన 1925లో బెర్లినులో పుట్టిన యూదుడు. తల్లిదండ్రులు చనిపోయారు, తమ్ముణ్ణి నాజీలు పట్టుకుపోయి చంపారు. 1943 మార్చిలో, పద్దెనిమిది నిండకముందే, ఈయన బెర్లినులోని లిఖ్టెన్‌బెర్గ్ తోటలలోకి పారిపోయాడు. ఇడా యౌఖ్ అనే స్త్రీ తన లౌబెలో ఆయనను దాచింది. పట్టుబడితే ఇద్దరికీ ప్రమాదమే. రేషను రోజులలో తన తిండిలోనుంచే ఆయనకూ పెట్టింది. 1944లో ఆమె చనిపోతే, అదే తోటలలోని మరియా షోనెబెక్ అనే మరొక స్త్రీ ఆయనను తన లౌబెలోకి తీసుకున్నది. 1945 ఏప్రిలులో యుద్ధం ఆ వీధులకు వచ్చేదాకా ఆయన అలాగే దాగి ఉన్నాడు. ఒక దేశమంతా చోటు లేదన్న పిల్లవాడికి ఒక చెక్క గదిలో చోటు దొరికింది.

ఆ సాయంత్రం తిరిగి వస్తుంటే, లౌబె అనే మాట మా నోట ఇదివరకటి మాదిరి తేలికగా పలకలేదు.

జర్మనులు చిక్కుడు గింజ నాటడానికి మే 15 దాటాలంటారు. ఆ నాలుగైదు రోజులూ మంచు సాధువుల రోజులట. చివరి మంచు అప్పుడే పడుతుందని వారి నమ్మకం. ఆ గడువు దాటగానే మాలో ఇల్లాలు కొంగు బిగించింది. ఎర్రపూల తీగ చిక్కుడు గింజలు లౌబె ముందు వరుసగా నాటి, ఒక్కొక్క మొక్క దగ్గర నుంచి కప్పు అంచు దాకా పురికొస తాళ్ళు లాగి కట్టింది. దారాలను వరుస తప్పకుండా సమంగా లాగి కట్టడం మా వంశంలో ఒకరు నేర్పవలసిన పని కాదు. పెద్దావిడ కర్ర ఆనించుకొని చూచి “ఎవరు నేర్పారు?” అని అడిగింది. పడుగు తాళ్ళ సంగతి మనవరాలు జర్మనులో ఎలా చెప్పిందో ఏమో, ఆమె చేతులు చాచి మగ్గం నేసినట్లు ఆడించి నవ్వింది.

అప్పుడే వచ్చింది అసలు చిక్కు. “అమ్మమ్మా, లౌబెను తెలుగులో ఏమంటారు?” అని అడిగింది పిల్ల.

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూచుకున్నాము. “పాక” అన్నది ఇల్లాలు. “పొదరిల్లు” అన్నారు పంతులుగారు. “పొద ఏదీ? చెక్క గోడలే గదా! మా అమ్మమ్మ ఊళ్ళో జొన్నచేలో మంచె ఉండేది. పిట్టలను తోలుతూ అక్కడే పడుకునేదాన్ని. అలాంటిదే ఇది” అన్నది ఇల్లాలు. “మంచెకు కాళ్ళుంటాయి, దీనికి లేవు” అన్నారు పంతులుగారు. నిజం చెప్పవలసి వస్తే, షోలాపురంలో మా పెరట్లో ఉన్న రేకుల కొట్టును మేము ఏనాడూ ఈ మాటలలో దేనితోనూ పిలవలేదు. అది మాకు ‘కార్ఖానా’, లేదా ‘షెడ్డు’. పొదరిల్లు అనే మాట పాఠంలో ఎన్నోసార్లు చెప్పాము. నోటితో దేనినైనా చూపి అనలేదు. అర్థం వ్రాసుకోమన్నాము, పిల్లలు వ్రాసుకున్నారు. అంతే.

పిల్ల మా వాదం విని, “తీగలు పైకి వస్తే పొదరిల్లు అవుతుందా?” అన్నది.

“అవుతుంది బిడ్డా” అన్నాము ఇద్దరమూ.

జూలై రెండో వారానికి తీగలు కప్పును అందుకున్నాయి. ముందు గోడ కనిపించకుండా ఆకులు, వాటి మధ్య ఎర్ర పూలు. పిల్ల వచ్చిన ప్రతి స్నేహితురాలికీ “ఇది లౌబె, తెలుగులో పొదరిల్లు” అని చెప్పడం మొదలుపెట్టింది. ఆ జర్మను పిల్లలు ‘పొదరిల్లు’ను ‘పోడరిలూ’ అని సాగదీస్తుంటే, మేము ‘లౌబె’ను ‘లవ్‌బే’ అన్నప్పుడు వారికి ఎలా ఉండేదో అర్థమైంది. మేము బయలుదేరే ముందురోజు పెద్దావిడ కూడా ఒకసారి అన్నది. ఆమె మాత్రం సరిగా పలికింది. రెండు ‘ల’లూ పలికింది.

ఆ తోటలో ఒక దిగులు కూడా ఉన్నది. చాలా ఏళ్ళ క్రిందట ఆమె క్రిస్మసుకు కుండీలో తెచ్చిన చిన్న సూదాకు చెట్టును పండుగ తరువాత మూలన నాటింది. అది ఇప్పుడు లౌబెకు రెండింతలు ఎత్తు. అటువంటి చెట్లు ఈ తోటలలో ఉండకూడదని నియమం. తోట చేతులు మారేటప్పుడు సంఘంవారు వచ్చి ప్రతి చెట్టుకూ, లౌబెకూ వెల కట్టారు. ఆ చెట్టు ఎదుట మాత్రం ‘తీసివేయాలి’ అని వ్రాశారు. పిట్టలు గూళ్ళు కట్టే కాలం గనుక శరత్తు దాకా ఆగారు. “మా ఆయనా నేనూ కలిసి నాటాము. నియమం నియమమే” అని మాత్రం అన్నది ఆమె.

అక్టోబరు చివర అమ్మాయి ఒక ఫోటో పంపింది. చెట్టు లేదు. మొదలు మాత్రం పీట ఎత్తున కోసి ఉంచారు. దాని మీద శాలువ కప్పుకొని పెద్దావిడ కూర్చొని ఉన్నది. తాళంచెవి మనవరాలి చేతిలో ఉన్నది. వెనుక తీగలు ఎండిపోయాయి గాని, వచ్చే ఏటికి గింజలు తీసి దాచారట. తలుపు మీద పిల్ల తన చేత్తో రంగు వేసి వ్రాసిన పలక కనిపించింది. తెలుగు అక్షరాలే: ‘పొదరిలు’.

ల కింద ఒత్తు లేదు. తప్పు దిద్దుతూ జాబు వ్రాయాలని మాలో పంతులుగారు కళ్ళజోడు పెట్టుకున్నారు. ఇల్లాలు వద్దన్నది. కాసేపు ఆలోచించి ఆయనే కలం పక్కన పెట్టారు. ఇలువేలుపు అన్న మాటలో ఉన్నది ఆ ఒత్తు లేని ‘ఇలు’ గదా. మన పూర్వులు అలాగే అన్నారు. తప్పు లేదు, ఉండనివ్వమన్నారు.